బేస్ గిటార్: ఇంట్లో, చర్చిలో, భజనలో వాయించేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు నాలుగు తీగలు, 34 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) ఉన్న మామూలు ఎలక్ట్రిక్ బేస్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. లావు తీగ నుంచి సన్న తీగకు వరుసగా ఇ, ఏ, డి, జి. "ఏ తీగ?" అని అడిగితే "ఏ తీగే" అని జవాబొచ్చే గందరగోళం ఎందుకని, తీగ పేరు పక్కన అడ్డగీత పెట్టాం: ఏ-తీగ, డి-తీగ. సమస్యతో వచ్చేవాళ్లలో చాలామంది ముందుగా కొత్త పెడల్ గురించో కొత్త పికప్ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) గురించో అడుగుతారు. చాలావరకు పని అలెన్ కీతోనో ఎడమచేతి వేలితోనో అయిపోతుంది. అందుకే జవాబులు కూడా అటే మొగ్గాయి.

బాస్ గిటారా, బేస్ గిటారా?

పలకడం బేస్. బాస్ అని రాసేవాళ్లూ ఉన్నారు, దుకాణంలో ఎలా అడిగినా ఇస్తారు.

ముందు మామూలు గిటార్ నేర్చుకుని తర్వాత బేస్‌కి రావాలా?

అక్కర్లేదు. గిటార్ వచ్చినవాళ్లకు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే కమ్మీలూ వాటి మధ్య గడులూ) మీద స్వరాలు ఎక్కడున్నాయో ముందే తెలుస్తుంది, అదొక్కటే లాభం. వాళ్లకు నష్టం కూడా ఉంది: ఖాళీ కనిపిస్తే చాలు నింపేయాలని చెయ్యి లాగుతుంది.

మొదటి బేస్ ఏది కొనాలి?

నాలుగు తీగలది, పాసివ్‌ది (లోపల బ్యాటరీ అక్కర్లేనిది), ప్రెసిషన్ రకం పికప్ ఉన్నది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి 1957లో రెండు ముక్కల పికప్ వచ్చింది. ఆ రెండు ముక్కలూ ఒకదాని హమ్‌ని ఒకటి కొట్టేస్తాయి కాబట్టి మన ఇళ్ల కరెంటుకి అది బాగా సరిపోతుంది. దాంతోపాటు బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు కట్టే చోటు) దగ్గర జాజ్ బేస్ రకం పికప్ కూడా ఉంటే దాన్ని పీజే అంటారు. యమహా టీఆర్‌బీఎక్స్ 174 అలాంటిదే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు.

పాతది కొంటుంటే బాడీ మీద గీతలు చూడకండి, నెక్ చూడండి. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే నెక్ కొన) వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ అంచు వెంబడి చూపు సాగించండి. రెండు అంచులూ ఒకేలా వంగి ఉంటే ఫరవాలేదు, సరిచేయొచ్చు. ఒక అంచు ఒకలా, రెండోది ఇంకోలా ఉంటే నెక్ మెలితిరిగినట్టు. ఎంత చవకగా ఇచ్చినా వద్దు. తర్వాత ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) తిరుగుతుందో లేదో అమ్మేవాళ్ల ముందే పావు చుట్టు లోపల తిప్పి చూడండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి వాయించండి, పది నిమిషాలు పడుతుంది, మొహమాటపడొద్దు.

నా చేతులు చిన్నవి. వేళ్లు అందడం లేదు.

అందకపోవడం చేతి లోపం కాదు. 34 అంగుళాల బేస్ మీద మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 48 మి.మీ., మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మీద 36. నట్ (నెక్ కొన దగ్గర తీగలు గాడుల్లో కూర్చునే పట్టీ) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా 178 మి.మీ. ఉంటుంది. అంటే ఫ్రెట్‌కో వేలు పెట్టే పద్ధతి అక్కడ చాలామందికి నొప్పే మిగిలిస్తుంది. నిలువు బేస్ వాయించేవాళ్ల సిమాండ్ల్ పద్ధతి తీసుకోండి: చూపుడు వేలు ఒక ఫ్రెట్, మధ్యవేలు దాని పక్కది, ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిపి మూడోది. నాలుగో ఫ్రెట్ కావాలంటే చేతిని జరపాలి, వేలిని సాగదీయకూడదు. ఐదో ఫ్రెట్ దాటాక వెడల్పు 38 మి.మీ. లోపలికి వస్తుంది, అక్కడి నుంచి ఫ్రెట్‌కో వేలు హాయిగా పడుతుంది.

ఇంకా కష్టంగా ఉంటే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేసులున్నాయి. వాటికి ఆ స్కేలుకు చేసిన తీగలే కొనాలి, మామూలువి కోసి వేస్తే ట్యూనర్ (తీగ బిగించే మర) మీద లావు భాగం చుట్టుకుని తెగుతుంది.

ఫోన్ యాప్‌తో శ్రుతి చేస్తుంటే ఇ-తీగ దగ్గర సూది నిలవడం లేదు.

ఇ-తీగ 41.2 హెర్ట్జ్. ఫోన్ మైకు మనిషి గొంతు కోసం చేసింది, అంత కిందిది దానికి సరిగా వినపడదు. 12వ ఫ్రెట్ కమ్మీ పైన తీగను నొక్కకుండా తాకి మీటి, వెంటనే వేలు తీయండి. ఒక స్థాయి పైన 82.4 హెర్ట్జ్ హార్మోనిక్ వస్తుంది, యాప్ దాన్ని పట్టుకుంటుంది. హెడ్‌స్టాక్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ అయితే ఈ గొడవే ఉండదు, పక్కన డ్రమ్స్ మోగుతున్నా పనిచేస్తుంది.

మెల్లగా మీటండి. గట్టిగా మీటితే మొదటి క్షణంలో తీగ సాగి స్వరం పైకి పోతుంది. స్వరం ఎక్కువైతే బాగా కిందికి దించి, మళ్లీ పైకి ఎక్కిస్తూ ఆపండి. కిందికి దించుతూ ఆపితే తీగ బిగించే ట్యూనర్ పళ్లలో వదులు మిగిలి, రెండు పాటల్లో శ్రుతి జారుతుంది.

తీగ ఫ్రెట్లకు తగిలి బర్రుమంటోంది. తీగల ఎత్తు పెంచేయనా?

ఆగండి. ముందు ఎక్కడ మోగుతోందో చూడండి, జబ్బు ఏదో ఆ చోటే చెబుతుంది.

ఏమీ నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే మోగితే నట్‌లో గాడి లోతైపోయింది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో మోగి, పైకి వెళ్లేకొద్దీ తగ్గితే నెక్ మరీ నిటారుగా ఉంది, లేదా వెనక్కి వంగింది. అప్పుడు ట్రస్ రాడ్ పని పడుతుంది. 12 దాటాక మోగితే బ్రిడ్జ్ దగ్గర శాడిల్ (తీగ ఆనుకునే ముక్క) కిందికి ఉంది. ఒకే ఒక్క చోట మోగితే దాని పక్క ఫ్రెట్ కమ్మీ పైకి లేచింది. మూడు ఫ్రెట్ల మీదికి వచ్చేంత చిన్న స్టీలు స్కేలు పెట్టి చూడండి, లేచిన కమ్మీ మీద అది ఊయలలా ఊగుతుంది. దాన్ని కూర్చోబెట్టడం, అరగదీయడం తెలిసినవాళ్ల పని.

ఇవన్నీ బాగానే ఉండి, ఆంప్‌లో వినపడకుండా చెవి దగ్గర పెడితేనే వినిపిస్తుంటే దాన్ని వదిలేయండి. వేలు కమ్మీకి దూరంగా, గడి మధ్యలో పెట్టినా బర్రుమంటుంది. కమ్మీకి ఆనుకుని వెనకే నొక్కితే సగం బలంతోనే స్వరం శుభ్రంగా వస్తుంది.

ట్రస్ రాడ్ నేనే తిప్పొచ్చా? నెక్ విరుగుతుందని భయపెడుతున్నారు.

తిప్పొచ్చు, కొలిచి తిప్పితే. తీగల శ్రుతి సరిగా ఉండగానే కొలవాలి. నాలుగు తీగలూ కలిసి నెక్‌ని దాదాపు 75 కిలోల బలంతో లాగుతుంటాయి, తీగలు వదులు చేసి కొలిస్తే కొలత తప్పు.

మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలను నొక్కి పట్టే క్లిప్) పెట్టండి, లేదా ఎవరినైనా నొక్కమనండి. చివరి ఫ్రెట్ మీరు నొక్కండి. ఇప్పుడు 7, 8 ఫ్రెట్ల దగ్గర ఇ-తీగకూ కమ్మీకీ మధ్య 0.3 నుంచి 0.35 మి.మీ. సందు ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) లేకపోతే మందపాటి విజిటింగ్ కార్డు అంతే మందం ఉంటుంది. కార్డు తీగను లేపకుండా, జారిపోకుండా దూరితే సరిపోయినట్టే.

సందు ఎక్కువుంటే బిగించాలి: కీ దూర్చే చివర నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు. తక్కువుంటే వదులు చేయాలి. ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు, ఎక్కువలో ఎక్కువ పావు చుట్టు. మళ్లీ శ్రుతి చేసి కొలవండి. చెక్క మెల్లగా సర్దుకుంటుంది కాబట్టి మర్నాడు ఇంకోసారి చూడండి. చెడేదల్లా రెండు తప్పుల వల్ల. ఒకటి, కీ సైజు: అంగుళాల కీ పట్టేచోట మి.మీ. కీ దూర్చితే మూలలు అరిగి నున్నగా అయిపోతాయి, తర్వాత ఏ కీ పట్టదు. రెండు, తిరగనిదాన్ని బలవంతంగా తిప్పడం. మామూలు చేతిబలానికి తిరగకపోతే అక్కడే ఆపేయండి.

ట్రస్ రాడ్ తీగల ఎత్తు సరిచేయడానికి కాదు, నెక్ వంపు కోసం. వంపు కుదిరాకే శాడిళ్ల దగ్గరికి వెళ్లాలి. 17వ ఫ్రెట్ దగ్గర ఇ-తీగ కింద 2.4 మి.మీ., జి-తీగ కింద 2 మి.మీ. ఉంటే చాలామంది చేతికి నప్పుతుంది.

ఖాళీ తీగ శ్రుతిలోనే ఉంది, 12వ ఫ్రెట్ దగ్గర మాత్రం అపశ్రుతి.

ఇంటొనేషన్ (నొక్కిన స్వరాలు శ్రుతిలో పడటం) తప్పింది. 12వ ఫ్రెట్ హార్మోనిక్‌నీ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ శ్రుతి చూపే ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం పైన ఉంటే తీగ పొడవు చాలలేదు: శాడిల్‌ని నెక్‌కి దూరంగా, వెనక్కి జరపండి. కింద ఉంటే ముందుకు. జరిపే ముందు తీగను కొంచెం వదులు చేయాలి. అయ్యాక చూస్తే మామూలుగా ఇ-తీగ శాడిల్ అన్నిటికన్నా వెనక ఉంటుంది, జి-తీగది ముందు. పాత తీగల మీద ఈ పని పెట్టుకోకండి, అరిగిన తీగ ఎలా సరిచేసినా కుదరదు.

తీగలు ఎన్నాళ్లకు మార్చాలి? ఉడకబెడితే కొత్తవవుతాయా?

రోజూ వాయించే రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టిన) తీగల మెరుపు రెండు మూడు నెలల్లో పోతుంది. అది పోయిందని మార్చాల్సిన పని లేదు. మొద్దు శబ్దమే నచ్చేవాళ్లున్నారు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల వెనక వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ (పైన చదును పట్టీ చుట్టిన) తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు, పైగా కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడేవాడు. శ్రుతి నిలవకపోతే, 12వ ఫ్రెట్ దగ్గర స్వరం కుదరకపోతే, చేతికి తుప్పు గరుకు తగిలితే మాత్రం మార్చండి.

ఉడకబెట్టడం పనిచేస్తుంది, కొన్నాళ్లకే. చుట్ల మధ్య ఇరుక్కున్న చెమటా జిడ్డూ వదులుతాయి. పది నిమిషాలు మరిగించి, తుడిచి, పూర్తిగా ఆరాకే ఎక్కించాలి. లోపల తడి మిగిలితే వారంలో తుప్పు. పట్టు దారం చుట్టిన చివర్లున్న తీగలకు, పూత వేసిన తీగలకు ఈ వైద్యం వద్దు.

మార్చేటప్పుడు జరిగే తప్పు పొడవు దగ్గరే. తీగను బ్రిడ్జ్ నుంచి లాగి, తన ట్యూనర్ దాటి 10 నుంచి 12 సెం.మీ. ఉంచండి. ముందు ఆ చోట తీగను 90 డిగ్రీలు మడవండి, ఆ తర్వాతే మడత అవతల కత్తిరించండి. మడవకుండా కోస్తే లోపలి తీగ చుట్ల నుంచి జారి, తీగ చచ్చిన శబ్దం ఇస్తుంది. మడిచిన కొనను ట్యూనర్ మధ్య రంధ్రంలోకి దించి, రెండున్నర మూడు చుట్లు పై నుంచి కిందికి వచ్చేలా చుట్టండి. చివరిగా నట్ దగ్గరా శాడిల్ దగ్గరా తీగను బొటనవేలితో ఒకసారి కిందికి అదమండి. కొత్త తీగ అక్కడ కమానులా నిలబడి ఉంటుంది, వంగితేనే శ్రుతి నిలుస్తుంది.

మాది కాకినాడ. తీగలు నెలకే తుప్పు పడుతున్నాయి.

సముద్రపు గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగ పైన మాత్రమే కాదు, కింది వైపు కూడా తుడవండి. బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి, జిప్ పూర్తిగా మూసి ఉంచండి. పూత వేసిన తీగలకు డబ్బు ఎక్కువే అయినా, కొత్తది కొనమని మేం చెప్పే కొద్ది చోట్లలో ఇదొకటి.

హైదరాబాద్, కరీంనగర్ వైపు తిప్పలు వేరు. ఏప్రిల్, మే పొడి వేడికి ఫ్రెట్‌బోర్డు చెక్క కుంచించుకుని, ఫ్రెట్ల కొనలు అంచు దాటి చేతికి గీసుకుంటాయి. కూలర్ గాలి నేరుగా తగిలే గోడకి తగిలించకండి, కారు డిక్కీలో మధ్యాహ్నం వదలకండి. ఆగస్టులో ఒకసారి, మార్చిలో ఒకసారి నెక్ వంపు కొలిస్తే ఏడాది గడిచిపోతుంది.

ఒక తీగ వాయిస్తుంటే మిగతావి వాటంతటవే మోగుతున్నాయి. బేస్ పాడైందా?

బాగానే ఉంది, మ్యూటింగ్ (వాయించని తీగలను ఆపి ఉంచడం) నేర్చుకోలేదంతే. ఇంట్లో చిన్న ఆంప్‌లో ఇది వినపడదు. పెద్ద స్పీకర్లు పెట్టిన రోజు మొత్తం బురదలా కలిసిపోతుంది, అప్పుడు అందరూ ఈక్వలైజర్ మీద పడతారు.

కుడి బొటనవేలు పికప్ మీదే కదలకుండా ఉంచకండి. ఇ-తీగ వాయించేటప్పుడు పికప్ మీద, ఏ-తీగకి వచ్చినప్పుడు ఇ-తీగ మీద ఆనించండి. డి, జి తీగలకు వెళ్లినప్పుడు బొటనవేలు ఏ-తీగ మీద వాలి, దాని పక్క భాగం ఇ-తీగను కూడా తాకుతూ ఉండాలి. లావు తీగలు అలా ఆగుతాయి. సన్న తీగలను ఎడమచేయి చూసుకుంటుంది: నొక్కే వేలు కొంచెం పడుకుని, కింద ఉన్న తీగలకు తగిలీ తగలనట్టు ఉండాలి. ఒకే వేలు తగిలితే కొన్ని చోట్ల హార్మోనిక్ కూస్తుంది, రెండు వేళ్లు తగిలేలా చూసుకోండి.

స్వరాన్ని ఎప్పుడు ఆపాలన్నదీ ఇందులోనే ఉంది. నొక్కిన వేలిని తీగ మీద నుంచి పూర్తిగా తీయకుండా, బలం మాత్రమే వదలండి. స్వరం కత్తిరించినట్టు ఆగుతుంది. నిమిషానికి 60 కొట్ల లయలో మెట్రోనోమ్ పెట్టి, ఒక కొట్టుకి మొదలై సరిగ్గా తర్వాతి కొట్టుకి ఆగేలా ఒకే స్వరాన్ని ఐదు నిమిషాలు వాయించి, రికార్డు చేసుకుని వినండి. విసుగే. కానీ స్లాప్ (తీగను బొటనవేలితో కొట్టి వాయించడం) నేర్పే వీడియోలు ఇరవై చూసినా రానిది దీంతో వస్తుంది.

వేలికి పొక్కులొచ్చాయి.

చిదమొద్దు, ఆ చర్మమే రక్షణ. రెండు మూడు రోజులు ఆపండి. తర్వాత గంటసేపు ఒకేసారి కాకుండా 15 నిమిషాల చొప్పున మూడు నాలుగు సార్లు వాయించండి. ఆంప్ శబ్దం పెంచి వేళ్లతో మెల్లగా మీటడం అలవాటైతే మళ్లీ రావు.

మణికట్టు నొప్పి, వేళ్లకు తిమ్మిరి మాత్రం వేరే విషయం. వాటిని ఓర్చుకుంటూ వాయించకూడదు. ఎక్కువసార్లు పట్టీ మరీ పొడుగ్గా వదిలి బేస్‌ని తొడల దాకా దించడం వల్ల ఎడమ మణికట్టు మడత పడి వస్తుంది. కూర్చున్నప్పుడు ఏ ఎత్తులో ఉందో, నిలబడినప్పుడూ అదే ఎత్తులో ఉండేలా పట్టీ బిగించండి. బేస్ మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు ఉంటుంది, 3 అంగుళాల వెడల్పున్న పట్టీ భుజాన్ని కాపాడుతుంది. తిమ్మిరి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆంప్ నుంచి గుయ్యిమని హమ్ వస్తోంది.

ఒక్కొక్కటి తీసేస్తూ వెతకాలి. ముందు బేస్ మీద వాల్యూమ్ సున్నా చేయండి. హమ్ అలాగే ఉంటే కేబులో ఆంపో కరెంటో. పోతే పికప్ బయటి నుంచి పట్టుకుంటోంది.

పికప్ పట్టుకునేవాటిలో మన ఇళ్లలో మొదటి దొంగ ఫ్యాన్ రెగ్యులేటర్. గుండ్రంగా, మెట్లు లేకుండా తిరిగే రకం రెగ్యులేటర్ ఫ్యాన్‌ని నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు జరజరమనే శబ్దం పుట్టిస్తుంది. ఫుల్ స్పీడులో పెట్టి చూడండి, లేదా ఆపి చూడండి. టకటకమని ఆగే మెట్లు ఉన్న కెపాసిటర్ రకానికి ఈ రోగం తక్కువ. తర్వాతి అనుమానాలు లాప్‌టాప్ చార్జర్, డిమ్మర్ బల్బులు, కరెంటు పోయినప్పుడు పనిచేసే స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్. జాజ్ బేస్ రకం అయితే రెండు పికప్‌ల వాల్యూమూ సమానంగా తెరిస్తే హమ్ పోతుంది, ఒకటి తగ్గిస్తే తిరిగొస్తుంది. అది దాని స్వభావం.

తీగలను తాకితే హమ్ తగ్గడం మామూలే. తాకితే పెరిగినా, వేలికి జుమ్మన్నా ఆ క్షణమే ఆపేయండి. ఎర్తింగ్ లేదన్నమాట. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, వెనక ఆకుపచ్చ వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి: ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు చూపించాలి. వినాయక మండపాల్లో, ఊరి పందిళ్లలో జనరేటర్ మీద వాయించేటప్పుడు ఇంకా జాగ్రత్త. చేతిలో బేస్ తీగలు, పెదవికి మైకు, రెండూ వేరే వేరే లైన్ల మీద ఉంటే షాకు నేరుగా మనిషి గుండా పోతుంది. ఆంపూ మిక్సరూ ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లు ఉన్నారు. అది హమ్‌కి మందు కాదు, ప్రాణానికి ముప్పు.

నాబ్ తిప్పితే గరగర, కేబుల్ కదిలిస్తే టపటప.

నాబ్‌కి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఇటు చివర నుంచి అటు చివరకి ఇరవై ముప్పై సార్లు తిప్పండి. తలుపు బందులకు వేసే నూనె స్ప్రే వద్దు, దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది. అయినా పోకపోతే పొటెన్షియోమీటర్ మార్చడమే: పాసివ్ బేస్‌లో మామూలుగా 250 కిలో ఓమ్‌లది. టోన్ కెపాసిటర్ మీద 473 అని ఉంటే అది 0.047 మైక్రోఫారడ్.

జాక్ (కేబుల్ దూర్చే సాకెట్) వదులైతే బయట మర నట్‌ని మాత్రమే తిప్పుతూ పోకండి. లోపల జాక్ కూడా తిరిగి వైర్లు మెలిపడి తెగుతాయి. ప్లేటు విప్పి, లోపల జాక్‌ని పట్టుకుని బయట బిగించండి.

ఆక్టివ్ (బ్యాటరీతో పనిచేసే) బేస్ అయితే శబ్దం క్రమంగా పగిలి నీరసపడటం 9 వోల్ట్ బ్యాటరీ అయిపోయిన గుర్తు. చాలా బేసులలో కేబుల్ దూర్చి ఉంచితేనే బ్యాటరీ ఖర్చవుతుంది. వాయించాక కేబుల్ పీకండి.

ఇంట్లో హోమ్ థియేటర్‌కి పెట్టి వాయించొచ్చా? గిటార్ ఆంప్‌కి?

హోమ్ థియేటర్ ఆక్స్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ పాసివ్ పికప్‌కి చాలా తక్కువ. శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది. ఒక్క స్లాప్ దెబ్బకి స్పీకర్ కోన్ పోయే ప్రమాదం కూడా ఉంది, మరమ్మత్తు ఖర్చు కన్నా ఇంట్లోవాళ్ల మాటలు ఎక్కువవుతాయి. గిటార్ ఆంప్‌లో చిన్న శబ్దంతో, బేస్ తగ్గించి సాధన చేయొచ్చు. డ్రమ్స్ పక్కన వినపడాలని పెంచితే మాత్రం చిరుగుతుంది.

ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు 1 మెగా ఓమ్ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, వైరున్న హెడ్‌ఫోన్ మంచి దారి. బఫర్ 128 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ పెడితే బఫర్ వల్ల వచ్చే ఆలస్యం ఒక్కో వైపు 2.7 మిల్లీసెకన్లే. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి రాదు, మీటిన తర్వాత ఎప్పటికో వినిపిస్తుంది, లయ చెడిపోతుంది.

మా గదిలో ఒక్క ఏ-స్వరం మాత్రం గోడలు అదిరేలా వస్తోంది.

గది పొడవో వెడల్పో ఎత్తో 10 అడుగులు ఉండి ఉంటుంది. 10 అడుగుల దూరంలో రెండు గోడల మధ్య ధ్వని 56 హెర్ట్జ్ దగ్గర నిలబడిపోతుంది. ఖాళీ ఏ-తీగ 55. మన గదులు చాలావరకు ఆ కొలతే కాబట్టి చాలామందికి ఇదే స్వరం. ఆంప్‌ని మూల నుంచి లాగండి, కుర్చీ మీద పెట్టండి, మీరు గది సరిగ్గా మధ్యలో గానీ గోడకి ఆనుకుని గానీ కూర్చోకండి. పికప్ మార్చినా ఇది పోదు.

అమెరికా నుంచి బంధువులు ఆంప్ తెస్తామంటున్నారు.

తెచ్చే ముందు ఆంప్ వెనక చీటీ ఫోటో పంపమనండి. 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. 115/230 స్విచ్ ఉంటే దాన్ని 230కి జరిపి, ఆంప్ మీద రాసిన ప్రకారం ఫ్యూజ్ మార్చాలి. ఉత్త 120 అని ఉంటే మన 230 వోల్టులకు పెట్టిన క్షణమే కాలుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఆంప్ వాడుక 150 వాట్లయితే 300 వీఏది తీసుకోండి. ఆ బరువూ ఖర్చూ కలిపితే ఇక్కడ కొనడమే మేలు. తీగలూ పట్టీలూ తెమ్మనండి.

పాడేవాళ్లు "రెండున్నర శ్రుతి" అంటారు. బేస్ మీద అది ఎక్కడ?

ఒకటో శ్రుతి అంటే సి. తెల్ల మెట్లన్నీ పూర్తి అంకెలు: 2 డి, 3 ఇ, 4 ఎఫ్, 5 జి, 6 ఏ, 7 బి. నల్ల మెట్లు అరలు: ఒకటిన్నర సి షార్ప్, రెండున్నర డి షార్ప్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదున్నర జి షార్ప్, ఆరున్నర ఏ షార్ప్. మూడున్నర అనేది లేదు.

షడ్జమం ఎక్కడ పట్టాలంటే: 1 ఏ-తీగ మూడో ఫ్రెట్, 2 ఐదో ఫ్రెట్, 2½ ఆరో ఫ్రెట్. 4 ఇ-తీగ మొదటి ఫ్రెట్, 4½ రెండో ఫ్రెట్, 5 మూడో ఫ్రెట్, 5½ నాలుగో ఫ్రెట్, 6 ఐదో ఫ్రెట్. షడ్జమం నుంచి పంచమం పక్క సన్న తీగ మీద రెండు ఫ్రెట్లు పైన. పై షడ్జమం రెండు తీగలు అవతల, రెండు ఫ్రెట్లు పైన. ఈ బొమ్మ ఎక్కడికి జరిపినా మారదు.

రాగం మీద కట్టిన కీర్తనైతే గాంధారం తొందరపడి వాయించకండి. మాయామాళవగౌళలో అంతర గాంధారం, ఖరహరప్రియలో సాధారణ గాంధారం. ఒకటి పడాల్సిన చోట రెండోది పడితే పాడేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. తెలియకపోతే షడ్జమ పంచమాలతో ఉండండి. హిందోళంలో అదీ కుదరదు, ఆ రాగంలో పంచమమే లేదు, అక్కడ మధ్యమం పట్టుకోవాలి.

కీబోర్డు అతను "సి" అన్నాడు, నేను సి వాయించాను, తప్పు పడింది.

అతని ట్రాన్స్‌పోజ్ (స్వరాలన్నిటినీ పైకో కిందికో జరిపే) బటన్ నొక్కి ఉంది. చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో రోజూ జరిగే సంగతే. వేళ్లు సి మీదే ఉంటాయి, వినిపించేది ఒకటిన్నర. మొదలుపెట్టే ముందు "ట్రాన్స్‌పోజ్ ఎంత అన్నా?" అని అడగండి. తెర మీద +1 ఉంటే ఒక ఫ్రెట్ పైకి, -2 ఉంటే రెండు ఫ్రెట్లు కిందికి. అడిగే వీలు లేకపోతే వాల్యూమ్ తగ్గించి ఒక స్వరం మీటి చెవితో పట్టుకోండి.

సినిమా పాటల్లో బేస్ చెవికి దొరకడం లేదు.

ఫోన్ స్పీకర్‌లో వెతికితే దొరకదు, అందులోంచి అంత కింది స్వరాలు బయటికే రావు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాట వేగం 75 శాతానికి తగ్గించి, వీలైతే మొత్తం పాటను ఒక స్థాయి పైకి జరిపే యాప్ వాడండి. బేస్ గిటార్ స్థాయికి వచ్చి స్పష్టంగా వినపడుతుంది. మొదటగా ప్రతి ఆవర్తం మొదటి దెబ్బకి ఏ స్వరం పడుతోందో మాత్రమే రాసుకోండి, మధ్యలోవి తర్వాత. ఇళయరాజా పాటలతో మొదలుపెట్టాలని అందరికీ ఉంటుంది. వాటిలో బేస్ పాట వెనక నడవదు, పక్కన ఇంకో పాటలా నడుస్తుంది. నేర్చుకోవడానికి గొప్పవి, మొదటి నెలకి మాత్రం కావు.

ఐదు తీగల బేస్ అవసరమా?

కింద బి-తీగ 30.9 హెర్ట్జ్. చిన్న స్పీకర్లలో అది అసలు వినపడదు. రెండున్నర శ్రుతి షడ్జమం కింది స్థాయిలో కావాలని తరచుగా అనిపిస్తే ఆలోచించండి. లేదంటే ఇ-తీగను డికి దించుకుంటే చాలా పాటలు గడుస్తాయి.

డ్రమ్స్‌తో వాయించడానికి ఎన్ని వాట్లు?

ఇంట్లో 20 నుంచి 40 చాలు. డ్రమ్స్ పక్కన 200 పైన ఉంటేనే శుభ్రంగా వినపడుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అందుకే ముందు 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచి చూడండి. గుంపులో బేస్ వినిపించేది ఆ మధ్య స్వరాల వల్లే, ఇంట్లో బాగుందని వాటిని కోసేస్తే స్టేజీ మీద మాయమైపోతారు. వేదిక మీద పెద్ద స్పీకర్లుంటే డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చే పెట్టె) నుంచి మిక్సర్‌కి ఇచ్చి, మీ ఆంప్‌ని మీకు వినపడేంత వరకే పెట్టుకోండి. డ్రమ్స్ సింబల్స్ దగ్గర నిలబడతారు కాబట్టి చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు కూడా.